మారెమ్మకు ఇచ్చిన నూటొకటి

ఈ ఉదయం తళిలోని మా అక్క గులాబీల ఆఫీసుకు ఫోన్ చేస్తే ఒక యంత్రం గొంతు తమిళంలో నమస్కారం చెప్పి, పూల ఆర్డరుకైతే ఒకటి నొక్కమంది, మిగతా సంగతులకైతే రెండు నొక్కమంది. నేను ఏదీ నొక్కకుండా హోసూరులో మా మేడ మీద కూర్చుని ఒక్కడినే నవ్వుకున్నాను. ఆ ఆఫీసులోకి మొదటిసారి ఫోన్ల పెట్టె వచ్చిన వారం గుర్తొచ్చింది. దాన్ని తళికి తెచ్చిన ఘనత నాదే. రౌటరు, స్విచ్, ఫైర్‌వాల్ అన్నీ ఈ చేతులతోనే బిగించాను. సరే, బిగించింది కృష్ణగిరి నుంచి వచ్చిన అమ్మాయి. నేను నిచ్చెన పట్టుకున్నాను. అదీ టీ వచ్చేదాకానే.

బావ పోయాక అక్కా, ఆమె మరిదీ కలిసి ప్లాస్టిక్ కప్పు వేసిన నాలుగు పాలీహౌసుల్లో గులాబీలు పండిస్తున్నారు. గొర్రెల మంద అమ్మి మొదటిది వేయించింది అక్క. పక్కనున్న తన పొలం కలిపి దాన్ని నాలుగు చేసింది మరిది. ఆర్డర్లు ఎవరి సెల్‌కు పడితే వాళ్ల సెల్‌కు వచ్చి, ఒకరు ఒప్పుకున్నది ఇంకొకరికి తెలియక గందరగోళమయ్యేది. అందుకని ఆఫీసుకంతా ఒకే నంబరు, లోపల ఒక్కొక్కరికి ఒక్కో చిన్న నంబరు పెట్టిద్దామన్నాను. నేను టెలిఫోన్ శాఖలో ఇంజనీరుగా రిటైరయ్యానని అక్కడ పూలు కోసే ఆడవాళ్లందరికీ తెలుసు. చెప్పింది నేనే కదా. నిజానికి నేను స్తంభాలకు గుంతలు తవ్వించే మేస్త్రీని.

అట్టపెట్టెలు విప్పి, కరెంటు ఇచ్చి, పచ్చ దీపాలు టకటకా వెలిగేసరికి పూలు కట్టే షెడ్డు షెడ్డంతా గుమిగూడింది. నాకు పూనకం వచ్చినంత పనైంది. ఒకామె ముందుకొచ్చి, "ఇదేమప్పా, కన్ను గీటతా ఉండాది?" అని అడిగింది.

"రౌటరమ్మా. ఏ పెట్టె ఏ వ్యానులోకి పోవల్లో ప్యాకింగ్ కాడ నిలబడి చెప్తాడే మేస్త్రీ, అట్లాంటిది. మాట యాడికి పోవల్లో ఇది చెప్తాది. ఈ పొడుగుది స్విచ్. డ్రిప్పులో పెద్ద పైపు నుంచి మడికొక సన్న పైపు పోతాది సూడు, అట్ల."

"ఆ నల్లది?"

"ఫైర్‌వాల్. మన పాలీహౌసుకి రెండు తలుపులు ఎందుకు పెట్టినాము?"

"పురుగు దూరకుండా."

"ఇదీ అంతే. బయట నుంచి వచ్చే దొంగ పురుగుని మొదటి తలుపు కాడనే నిలబెడతాది."

ఇక్కడితో ఆపి ఉంటే నాకు మర్యాద దక్కేది. వాళ్ల కళ్లు చూసి ఆగలేకపోయాను. లోపలి చిన్న నంబర్లు, అంటే ఎక్స్‌టెన్షన్లు, నూటొకటితో మొదలవుతాయనీ, నూటొకటి అంటే కలెక్టరు కుర్చీ లాంటిదనీ, మిగతావన్నీ దానికింద బంట్రోతులనీ చెప్పేశాను. వెనక నిలబడిన అక్కా, మరిదీ విన్నారు. కృష్ణగిరి అమ్మాయి పెన్ను తీసి, నూటొకటి ఎవరికని అడిగింది.

"ఇంగెవురికి? గొర్రెలమ్మి ఇదంతా మొదలుపెట్టిందెవురు?" అంది అక్క.

"జాతరలో మొదటి తాంబూలం మా అన్న పోయినాక నాకు ఇస్తాండారు," అన్నాడు మరిది నా వైపే చూసి. "ఊరంతా ఇచ్చే మర్యాద ఈడ మాత్రం లేదా బావా?"

ఆ మధ్యాహ్నానికి వాళ్లిద్దరికీ మాటల్లేవు. మర్నాటికి మరిది తన పొలంలోని రెండు పాలీహౌసులు వేరు చేసుకుంటానన్నాడు. ఫిబ్రవరి ఆర్డర్ల కాలం. నాలుగింటి పూలూ ఒకేచోట ఇస్తేనే తీసుకుంటానని బెంగళూరు వ్యాపారి ముందే చెప్పి ఉన్నాడు. విడిపోతే ఇద్దరి పూలూ బకెట్లలోనే వాడిపోతాయి. నంబరంటే వట్టి గుర్తేనని ఇద్దరికీ మొత్తుకున్నాను, నమ్మలేదు. నేను ఇంజనీరును కాను, గుంతల మేస్త్రీనని చెప్పాను. అదీ అబద్ధమే అనుకున్నారు. చివరికి ఆ అమ్మాయే, "బయట నుంచి ఫోనొస్తే ముందు నూటొకటే మోగుతుంది సార్. అక్కడున్నవాళ్లు ఎత్తి, ఎవరు కావాలో అడిగి కలపాలి. అంతే," అంది. అంటే ఇద్దరూ కొట్టుకుంటున్నది ఆపరేటరు కుర్చీ కోసం! అయినా వెనక్కి తగ్గడానికి ఎవరికీ మనసు రాలేదు.

అక్క నన్ను పిలిచింది. మరిది అక్కడే ఉన్నాడు. "అడుగురా ఆయప్పను. జాతరలో మన ఇంటికంటే ముందు తాంబూలం ఎవురికి పెడతారని."

"మారెమ్మకని చెప్పు బావా," అన్నాడు మరిది.

"అయితే నూటొకటి ఆయమ్మకే పెట్టమను."

అలా ప్యాకింగ్ షెడ్డులో మారెమ్మ పటం కింద నూటొకటి వెలిసింది. ఆ అమ్మాయి నవ్వు ఆపుకుంటూ పేరు దగ్గర మారెమ్మ అనే టైపు చేసింది. గొడవ ఆగింది కానీ మాటలు కలవలేదు. మర్నాడు పూలు కట్టలు కడుతుండగా ఆ ఫోన్ మోగింది. అందరం అలా నిలబడిపోయాం. అమ్మవారి ఫోను ఎవరు ముట్టుకుంటారు? ఆడవాళ్లు చెప్పులు విడిచేశారు. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ మోగింది. మరిది చెప్పులు బయట వదిలి, తడి చేతులు లుంగీకి తుడుచుకుని వెళ్లి ఎత్తాడు. బెంగళూరు వ్యాపారే. కన్నడంలో గట్టి గొంతు, మా అందరికీ వినబడింది. మాట్లాడుతున్నది ఓనరేనా అని అడిగాడు. కత్తెరల చప్పుడు ఆగిపోయింది. అవునంటే ఇక ఆ షెడ్డు రెండయినట్టే. అక్క తల వంచుకుని చేతిలోని గులాబీకి ముళ్లు గీస్తూనే ఉంది.

మరిది కాసేపు పటం వైపు చూశాడు. ఓనరు మా వదిన, ఉండండి ఇస్తానని కన్నడంలోనే చెప్పి, రిసీవరు చాచాడు. "వదినా, నీకే."

అక్క చెప్పులు విడిచి వచ్చి అందుకుంది. వెంటనే చెవికి పెట్టుకోలేదు. అరచేత్తో దాన్ని మూసి, "అన్నం తింటివా?" అని అడిగింది మరిదిని.

"లేదు."

"మొగమట్ల పీక్కపోయింది. ఈడనే తిను, క్యారియర్లో ఉండాది."

ఆ తర్వాతే బెంగళూరుతో మాట్లాడింది. ఆ రాజీ కుదిర్చింది నేనేనని హోసూరంతా చెప్పుకున్నాను. మీతో మాత్రం నిజం చెబుతున్నాను, నేనప్పుడు గోడకు తిరిగి కళ్లు తుడుచుకుంటున్నాను. అక్క మాట ఆ తీగ పట్టుకుని బెంగళూరు చేరడానికి రెప్పపాటు చాలు. పక్కన నిలబడ్డ మరిదిని చేరడానికే దానికి అంత కాలం పట్టింది.