డేగ రెక్కలో వంకర గాజు

2022 ఫిబ్రవరి. అమెరికాలో మేముండే నోవై ఊళ్లో మోకాలి లోతు మంచు. మా ఇంటి బేస్‌మెంటే నా వర్క్‌షాప్. నేను ఆబ్జెక్ట్స్ కన్సర్వేటర్‌ని, అంటే దెబ్బతిన్న కళావస్తువులను బాగుచేసే మనిషిని. మా తెలుగు చర్చికి వచ్చే రూతు ఆంటీ ఒక చెక్క పలకను టవల్‌లో చుట్టి తెచ్చారు. హోలీ ల్యాండ్ టూర్‌కి, అంటే బైబిల్లోని పుణ్యస్థలాల యాత్రకి వెళ్లినప్పుడు కైరోలో కొన్నారట. దాని మీద రంగు గాజుముక్కలు పొదిగిన డేగ.

వస్తువు కొత్తదే, పద్ధతి మాత్రం వేల ఏళ్లనాటిది. దీన్ని ఇన్‌లే అంటారు. చెక్కలో గుంట తొలిచి, అందులో సరిగ్గా పట్టేలా సానబట్టిన గాజును జిగురుతో కూర్చోబెడతారు. ప్రాచీన ఈజిప్టు పనివాళ్లు ఖరీదైన నీలిరాళ్లకు బదులు నీలిగాజు పొదిగేవారు. ఆ నేర్పు చూస్తే నాకు ఇప్పటికీ అసూయే.

ఈ డేగ రెక్కలో మాత్రం ఐదు ముక్కలు వంకరగా ఉన్నాయి. చుట్టూ సూపర్‌గ్లూ తెల్లగా పొంగి ఉంది. ఎవరు చేశారో గానీ దరిద్రంగా చేశారని లోపల విసుక్కున్నాను.

"అంకుల్ బర్త్‌డేకి సర్‌ప్రైజ్ ఇద్దామనమ్మా. చర్చిలో చూపిస్తానని ఆయనతో చెప్పి తెచ్చా. కొత్తదానిలా చేసిపెట్టవా?" అన్నారు ఆంటీ.

వారంపాటు కూర్చుని పాత జిగురు కరిగించాను. ముక్కలు ఊడదీసి, గీత గీసినట్టు మళ్లీ పొదిగాను. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

ఆంటీ భర్త ప్రకాశరావు అంకుల్ కార్ల కంపెనీలో ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. పార్కిన్సన్స్ జబ్బు వల్ల చేతులు వణుకుతాయి. పుట్టినరోజున పలకను తడిమి చూసి, "చాలా నీట్‌గా చేశావమ్మా," అన్నారు. రెక్క మీద వేలు ఆపి, "నేను పెట్టినవి ఒక్కటీ ఉంచలేదా?" అని అడిగారు.

ఆ ఐదూ ఊడిపోతే ఆయన డిసెంబరంతా కూర్చుని అతికించినవి. ఆ సంగతి ఆంటీకి తెలుసు. వంకర తీసేస్తే సంతోషిస్తారనుకున్నారు పాపం. నేనైతే అడగనే లేదు. తల కొట్టేసినట్టయింది.

శనివారం ఆయన్ను వర్క్‌షాప్‌కి రమ్మని, పలకను నాతో తెచ్చుకుని, అంతలోపు ఆ ఐదు ముక్కలూ ఊడదీసి ఉంచాను. సూపర్‌గ్లూ క్షణంలో పట్టేస్తుంది, వణికే చేతికి వ్యవధి ఇవ్వదు. అందుకే మెల్లగా ఆరే జిగురు కలిపాను.

"తొందరేం లేదంకుల్. ఆరేదాకా ముక్కను అటూఇటూ జరుపుకోవచ్చు."

"సరే. నా చెయ్యి మాత్రం పట్టుకోకు తల్లీ."

ఒక్కో ముక్కకు ఇరవై నిమిషాలు పట్టింది. మూడు చక్కగా కూర్చున్నాయి. రెండు పక్కకి ఒరిగాయి. సరిచేద్దామని నా చెయ్యి లేచింది. వెనక్కి తీసుకున్నాను.

"ఆ రెండూ వంకరే కదూ?"

"అవునంకుల్."

"ఉండనీ. నేను చేశానని తెలియాలిగా!" అని నవ్వారు.

ఇప్పుడు నా దగ్గరికి ఏ వస్తువు వచ్చినా, ఇంతకుముందు దీన్ని ఎవరు అతికించారని అడుగుతాను. ఆ మనిషి ఉన్నారంటే, ముందు వాళ్లకి ఫోన్ చేస్తాను.