కింద నిలబడినవాడి పాచిక

ఇరవై ఏళ్లకు పైగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్నదే. ఆటలో చెప్పింది. మీకు నవ్వు రావచ్చు. నాకూ నవ్వు రావాలని చాలాసార్లు ప్రయత్నించాను, రాలేదు.

తొంభైల చివర్లో హిందూపురంలో డిగ్రీ చదివేవాణ్ని. బెంగళూరులో ఉండే మా మేనమామ కొడుకు ఒక ఆట నేర్పి, దాని నియమాల పుస్తకం జెరాక్సు, ఇరవై ముఖాల పాచిక ఒకటి ఇచ్చాడు. ఒకరు కథ నడిపిస్తారు. మిగతావాళ్లు అందులో వీరులు. గోడ ఎక్కాలంటే పాచిక వేయాలి. తక్కువ పడితే జారిపోతారు. ఎంత ఎత్తు నుంచి పడితే అంత దెబ్బ. కథ నడిపేది నేను. ఆడేది ఇద్దరే: నా క్లాసు శీనా, ఆదివారాలు పెనుకొండ నుంచి రైల్లో వచ్చే యేసురత్నం.

రత్నం వాళ్ల నాయన చింతకాయలు రాలగొడుతూ చెట్టు మీంచి పడి చనిపోయాడు. పసివాడైన రత్నం అప్పుడు ఆ చెట్టు కిందే కాయలు ఏరుతున్నాడు. ఈ సంగతి మాకు ఒక్కసారే చెప్పాడు. చెప్పిన రోజే ఒక కొత్త నియమం అడిగాడు.

“పడేటోనికి కింద ఎవరన్నా ఉంటే, వానికీ ఒక పాచిక ఉండాలప్పా. పట్టుకుంటాడో లేదో చూడాల గదా.”

పుస్తకంలో అలాంటిది లేదు. అయినా ఒప్పుకున్నాను. అప్పటినుంచి అతని వీరుడు అందరికంటే చివర ఎక్కేవాడు. అంతవరకూ చేతులు చాచి కింద నిలబడేవాడు. శీనా వీరుణ్ని ఎన్నిసార్లు కాపాడాడో!

ఒకరోజు రత్నం రైలుకు వెళ్లిపోయాక శీనా అన్నాడు, “ఇంక రత్నం నడిపితే బాగుంటాదబ్బా కథ.”

మామూలుగానే అన్నాడు. కానీ నాకు వేరే స్నేహితులు లేరు. ఆ ఆదివారం మధ్యాహ్నాల్లో తప్ప నా మాట వినేవాళ్లే లేరు. నాలో పుట్టింది అసూయా, ఉన్న ఒక్కచోటూ పోతుందన్న భయమా? ఇప్పటికీ తేల్చుకోలేను. ఏదైనా, దాన్ని తీసుకెళ్లి రత్నానికి ఎక్కడ తగిలితే నొప్పో అక్కడే కొట్టాను. తెలిసే కొట్టాను.

తరువాతి ఆదివారం కథలో కోటగోడ వచ్చింది. శీనా వీరుడు సగం ఎక్కి జారాడు. రత్నం పాచిక కోసం చేయి చాపాడు.

“ఇది నేనేస్తా” అని, అట్లాసు పుస్తకం అడ్డుపెట్టి వేశాను. పదిహేడు పడింది. పట్టుకోవడానికి పదకొండు చాలు.

“అందలేదు. శీనా పోయినాడు” అన్నాను.

శీనా పకపకా నవ్వాడు. రత్నం నవ్వలేదు.

“ఎంత పడింది?”

“మూడు.”

“బాగా చూసినావా?”

“చూసినా.”

రత్నం తన అరచేతులు చూసుకున్నాడు. “ఇప్పుడు గూడా నేనే ఉండాను గదప్పా కింద.”

పుస్తకం పక్కకు జరిపితే చాలు, పదిహేడు కనబడేది. ఎందుకు జరపలేదు? పాచికను పిడికిట్లోకి తీసుకున్నాను.

ఆ తర్వాత రత్నం రాలేదు. కొన్నాళ్లకు శీనా కూడా మానేశాడు. ఆదివారాలు పెనుకొండ రైలు వేళకు స్టేషనుకు పోయి నిలబడేవాణ్ని, దిగితే చెప్పేద్దామని. పెనుకొండ ఎంత దూరం గనక? నేనే పోయి ఉండవచ్చు. పోలేదు.

ఏళ్ల తర్వాత చెల్లెలి పెళ్లికి చీరలు కొనడానికి అమ్మతో ధర్మవరం వెళ్లాను. దుకాణంలో చీరలు విప్పి చూపిస్తున్నది రత్నమే. “ఏమప్పా, బాగుండావా?” అని చేయి పట్టుకుని టీ అంగడికి తీసుకెళ్లాడు.

“ఆ ఆట గుర్తుండాదా?” అన్నాను.

గ్లాసు కింద పెట్టాడు. “ఆ పొద్దు రైల్లో పెనుకొండ దాకా ఏడ్సినా. పిచ్చి గదా నాకు” అని నవ్వాడు.

అప్పుడు చెప్పాలి. నోటిదాకా వచ్చింది. “అమ్మ ఒక్కతే ఉండాది” అని లేచి వచ్చేశాను. ఆటలో చేసింది కుర్రతనం అనుకున్నా, ఇదేమిటి? దీనికి ఏ పేరు పెట్టుకోను?

మళ్లీ వెళ్లేసరికి అతను ఆ దుకాణం మానేసి చాలా కాలమైంది. ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. దొరికినా చెప్పగలనని ప్రమాణం చేయలేను.

ఆ రోజు యేసురత్నం పట్టుకున్నాడు. ఈ మాట ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. ఇప్పుడు మీతో అన్నాను.