దేవదానమన్నకు నేను తెప్పించిన పురస్కారం

నేను రాసిన ఒక ఉత్తరం బతికున్న మనిషిని ఊరూవాడా చూస్తుండగా టీవీలో చంపేసింది. పగతో రాసింది కాదు, పూర్తిగా ప్రేమతో రాసింది. అప్పుడు నాకు అరవై ఎనిమిదేళ్లు. ఇప్పటితో పోలిస్తే పడుచుతనమే కాబట్టి ఆ వయసు పొగరును మీరు పెద్దమనసుతో చూడాలి.

మాది శ్రీరాంపూర్. ముప్పై ఏళ్లు బొగ్గుబావిలో దిగాను. బడి నన్ను మూడో తరగతిలోనే వదిలేసింది. మిగతా చదువంతా బజ్జీలు కట్టిచ్చిన పేపరు ముక్కల మీద సాగింది. సగం వార్తకు నూనె, సగం వార్తకు చిరుగు. అయినా యూనియన్ ఆఫీసులో రాతపని అంతా నాదే. ముఖ్యంగా ఏ కార్మికుడు పోయినా సంతాప తీర్మానం నేనే రాయాలి. బావుల దగ్గర ఆ పనికి ఎన్నడూ కరువు రాలేదు. మనిషిని పొగడాలంటే నా కలానికి అదొక్కటే తోవ అలవాటైంది. రోగం అక్కడుంది.

ఇక అసలు సంగతి. ఏటా ఒక టీవీ ఛానల్ వాళ్లు క్రీడా పురస్కారాల పండుగ చేసేవారు. అన్ని ఆటలవాళ్లనూ గౌరవిస్తామని చెప్పుకునేవారు. అన్ని ఆటలంటే ఏమిటో చూసినవాణ్ని గనుక చెబుతున్నాను. గంటన్నర క్రికెట్, పావుగంట బ్యాడ్మింటన్, తక్కినవాళ్లంతా షేర్ ఆటో ఎక్కినట్టు ఒకేసారి వేదిక ఎక్కి దిగడం. ప్రతి ఏడూ నేను టీవీతో కొట్లాడేవాణ్ని. అది ఒక్కసారీ జవాబు చెప్పలేదు.

నా కోపానికి కారణం దేవదానమన్న. బావిలో నాతో బొగ్గు నింపినవాడు, మా వెనక క్వార్టర్ల లైనులో ఉండేవాడు. పదివేల మీటర్లు చెప్పుల్లేకుండా పరుగెత్తి, బూట్లున్నవాళ్లందరినీ వెనకేసి, జాతీయ పోటీల్లో పతకం తెచ్చాడు. ఆ ఊపిరితిత్తుల్లోకే తర్వాత బొగ్గుపొడి చేరింది. ఇంటి నుంచి చర్చి వరకు పోవాలంటే రెండుచోట్ల కూర్చోవాలి. ఆయన పరుగెత్తేవాడంటే సొంత మనవలే నమ్మరు.

ఆ ఏడు ఛానల్ వాళ్లు, మరుగున పడ్డ క్రీడాకారుల గురించి రాసి పంపమన్నారు. నేను కలం తీశాను.

"రాజలింగూ, నాకు శాలువా వద్దు, ఏమొద్దు" అన్నాడు దేవదానమన్న. "గీ మనిషి ఉరికిండని ఒక్కసారి మైకుల చెప్పాలె. అది నేను ఇనాలె. గంతే."

నాలుగు పేజీలు రాసి వాళ్లింట్లో చదివి వినిపించాను. 'ఆ పాదాలు ఇక పరుగెత్తవు. ఆ మైదానం ఆయన అడుగుల కోసం నేటికీ ఎదురుచూస్తోంది. ఆయన లేని లోటు పరుగు పందేలకు తీరనిది. కార్మిక లోకం ఆయనను ఎన్నటికీ మరువదు.'

దేవదానమన్న కళ్లు తుడుచుకున్నాడు. "మస్తు రాసినవ్‌రా. నాకే ఏడుపొస్తుంది."

ఆయన భార్య సువార్తమ్మ వదిన మాత్రం చాయ్ గ్లాసు కింద పెట్టింది. "మరిదీ, మనిషి గీడనే కూసున్నడు గదా. గట్ల రాసినవేంది?"

"వదినా, గిది సాహిత్యం. నీకు తెల్వది."

ఆ మాట అన్న నోటికి ఇప్పటికీ నేను సరిగా అన్నం పెట్టను.

నెల తిరక్కుండానే హైదరాబాద్ నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది.

"మీ ఉత్తరం చదివి ఆఫీసులో అందరం ఏడ్చాం సార్."

నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. "ఏడ్వాలె బిడ్డా. నలభై ఏండ్ల అన్యాయం అది."

"చాలా బాధేసింది సార్. కార్యక్రమంలో ఆయన్ని తప్పకుండా స్మరించుకుంటాం. ఫొటో పంపుతారా?"

"గిప్పుడే పంపిస్త."

"ఆయన కుటుంబానికి ధైర్యం చెప్పండి సార్."

ఇంత మర్యాద గల పిల్ల ఈ కాలంలో కూడా ఉందే అనుకున్నాను. అంతే అనుకున్నాను.

ఆదివారం సాయంత్రం దేవదానమన్న ఇంట్లో లైనంతా దిగింది. చర్చి కుర్చీలు తెచ్చారు, వదిన షీరా చేసింది, పాస్టరయ్య ముందు వరుసలో కూర్చున్నాడు. దేవదానమన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్లిచూపులకు వచ్చినవాడిలా చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. క్రికెట్ అయింది. బ్యాడ్మింటన్ అయింది. షేర్ ఆటో వచ్చి పోయింది. అప్పుడు వేదిక మీద దీపాలు తగ్గాయి. పిల్లనగ్రోవి మొదలైంది. తెరమీద ఒక్కొక్క ఫొటో, మూడోది దేవదానమన్నది. పేరు చదివారు, పదివేల మీటర్లూ చెప్పారు. ఇల్లంతా చప్పట్లతో అదిరిపోయింది.

టీవీలో సభంతా లేచి నిలబడి తల వంచుకుంది.

"సూసినవా అన్నా, ఎంత మర్యాదనో" అన్నాను.

"అందరు లేసిన్రు గని, ఎవ్వలు మాట్లాడ్తలేరేంది?"

"పెద్దోళ్ల మర్యాద గట్లనే ఉంటది."

పాస్టరయ్య అలవాటు కొద్దీ తానూ లేచి నిలబడి, కళ్లు మూసుకుని, ఎవరి కోసమో గుర్తొచ్చి గబుక్కున కూర్చున్నాడు. అంతలో యాంకరమ్మ గొంతు తడి చేసుకుని, "మన మధ్య లేని ఈ క్రీడాకారుల ఆత్మలకు శాంతి కలగాలి" అంది.

షీరా గిన్నెలో గరిటె చప్పుడు కూడా ఆగిపోయింది. వదిన నావైపు చూసింది. సాహిత్యం నాకెంత తెలుసో ఆ చూపులో లెక్క తేలింది.

దేవదానమన్న నావైపు తిరిగి అడిగాడు. "పేరైతే సక్కగనే సదివిన్రు గదా?"

"సదివిన్రు అన్నా."

"చెప్పుల్లేవన్న సంగతి?"

"అది చెప్పలే."

"ఊఁ" అన్నాడు.

ఇంతలో ఫోన్ మోగింది. నిర్మల్ నుంచి ఆయన చెల్లెలు, ఏడుపు తప్ప మాట లేదు. దేవదానమన్నే అందుకున్నాడు. "ఆ, నేనే మాట్లాడుతున్న. పోయిన్నట చెల్లె. నాకు గూడ గిప్పుడే తెలిసింది."

మర్నాడు పొద్దున భైంసా నుంచి ఒక జీపు నిండా చుట్టాలు పూలదండతో దిగారు. ఆయన గడపలో కూర్చుని అందరికీ చాయ్ పోయించాడు. దండ వృథా పోకూడదని నా మెడలో వేయించాడు. ఎందుకో అడిగే ముఖం నాకు లేదు.

నేను ఛానల్‌కు ఫోన్ చేసి తిట్టాను, బతిమాలాను, మళ్లీ తిట్టాను. చివరికి ఆ అమ్మాయే అంది. "పొరపాటైంది సార్. వచ్చే ఏడు ఆయన్ని వేదిక మీదికి పిలిచి సన్మానిస్తాం."

ఆ మాటతో దేవదానమన్న మళ్లీ నడవడం మొదలుపెట్టాడు. రోజూ పొద్దున చర్చి దాకా, కూర్చుంటూ లేస్తూ. చర్చి ముందరి ఎనిమిది మెట్లూ ఎక్కి దిగేవాడు.

"నీకేమన్న పరేషానా అన్నా? దమ్ము ఆడుతలేదు, మెట్లెందుకు?"

"స్టేజికి మెట్లుంటయి గదరా. ఎవ్వని చెయ్యి పట్టుకొని ఎక్కద్దు."

ఎనిమిది మెట్లు ఒక్క ఊపిరితో ఎక్కిన రోజు నన్ను పిలిపించి మరీ చూపించాడు. అందులో సగం దగ్గే అయినా, నేను చప్పట్లు కొట్టాను. ఛానల్ వాళ్ల పండుగకు ఇంకా ఇరవై రోజులున్నాయనగా, ఒక తెల్లవారుజామున ఆ ఊపిరి ఆగిపోయింది.

సమాధి దగ్గరి నుంచి వచ్చి, మట్టి చేతులతోనే ఛానల్‌కు ఫోన్ చేశాను.

"బిడ్డా, ఈసారి నిజంగనే పోయిండు. ఆ పిల్లనగ్రోవి పాటల ఒక్క ఫొటో ఎయ్యిండ్రి. ఉత్తకాళ్లతోని ఉరికిండని చెప్పుండ్రి."

అటువైపు కాగితాలు తిరగేసిన చప్పుడు. తర్వాత ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా చెప్పింది.

"సారీ సార్. ఆయనది పోయినేడే అయిపోయింది. ఒకరికి రెండుసార్లు వేయడానికి లేదు."

కాబట్టి పాఠకులారా, బావి మీద, బొగ్గు మీద, నా నూనె మరకల చదువు మీద ప్రమాణం చేసి చెబుతున్నాను. బతికున్న మనిషి గురించి ఇకమీద నా కలంతో ఒక్క మంచి మాట కూడా రాయను. ఎవరైనా గొప్పవాడని తోస్తే, కర్ర పట్టుకుని వాళ్లింటికి పోయి, ఎదురుగా కూర్చుని, ముఖం మీదే చెప్పి వస్తాను.