ఎవరూ వేలు చూపని సొరకాయ

ఆ రోజుల్లో, అంటే తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు, ఫోన్లో నెట్టు చవకై, జనమంతా పొద్దస్తమానం ఒకరి ముఖం ఒకరికి చూపించుకోవడమే పనిగా పెట్టుకున్న రోజుల్లో, నాకు కొత్తగా పెళ్లయింది. కొత్తగా పెళ్లయిన ఆడపిల్లకు ఉండే ధైర్యం ఆ తర్వాత మళ్లీ ఎప్పుడూ రాదు. ఏది అడిగినా వచ్చంటాం, ఎవరొస్తామన్నా రమ్మంటాం, ఏమైనా చేసి పెడతామంటాం. ఆ ధైర్యంతోనే నేను ఒక ఎండాకాలమంతా తోట పెంచాను. దాన్ని తోట అని నేను తప్ప చూసినవాళ్లెవరూ అనలేదనుకోండి, అది వేరే సంగతి.

మా ఆయనకు చౌటుప్పల్ దగ్గర మందుల కంపెనీలో ఉద్యోగం. అక్కడే రెండు గదుల ఇల్లు కిరాయికి తీసుకున్నాం. చుట్టుపక్కల చెలకలన్నీ ప్లాట్లయిపోయి, రంగులేసిన హద్దురాళ్లు తప్ప ఏమీ మొలవని కాలమది. మా ఇంటి వెనక మాత్రం నాలుగు మంచాలు పట్టేంత ఖాళీ జాగా, ఆ చివర రేకుల కప్పున్న స్నానాలగది ఉండేవి. ఇల్లు చూడ్డానికి వెళ్లిన రోజు మా ఆయన నల్లా ఎన్నింటికొస్తుందో కనుక్కుంటుంటే, నేను ఆ జాగా చూసి మురిసిపోయాను. మాది నారాయణపేట వైపు పల్లె, వ్యవసాయం చేసే ఇల్లు. కానీ నేను చిన్నప్పటి నుంచీ హాస్టల్లోనే చదువుకున్నాను. నేల రకాల గురించి పరీక్షల్లో పేజీలకు పేజీలు రాశాను గానీ, నారు ఏదో గడ్డి ఏదో చూపించమంటే దిక్కులు చూసేదాన్ని. ఈ సంగతి మా అత్తమ్మకు తెలియదు. పెళ్లి కుదిరినప్పుడే ఆమె తన ఇద్దరు చెల్లెళ్లకు "మా కోడలు ఎవుసం ఇంట్ల పుట్టిన పిల్ల. మన్ను ముట్టుకుంటే మొలకొస్తది" అని చెప్పేసింది. ఆ చెల్లెళ్ల కోడళ్లిద్దరూ హైదరాబాద్ పిల్లలు. కొత్తిమీర కట్ట కూడా ఫోన్లో తెప్పించుకుంటారని మా అత్తమ్మకు వాళ్ల మీద ఒకింత జాలి.

ఉగాదికి నెలరోజుల ముందు ఒకరోజు ఆమె ఫోన్ చేసింది. "ఎండాకాలం ఆఖర్ల మేం ముగ్గురం అక్కచెల్లెండ్లం గుట్టకు పోతం బిడ్డా. వచ్చేటప్పుడు మీ ఇంట్ల దిగి అన్నం తిని పోతం" అంది. గుట్ట అంటే యాదగిరిగుట్ట, మావైపు వాళ్లకు వేరే గుట్ట లేదు. రండి అని ఊరుకుంటే సరిపోయేది. "కూరగాయలు కొననే కొన అత్తమ్మా. అన్ని మన దొడ్లయే వండి పెడ్త" అన్నాను. నేను ఫోన్ పెట్టేసి నీళ్లు తాగేలోపు ఆ మాట ఇద్దరు చెల్లెళ్లకూ చేరిపోయింది. పది రోజుల తర్వాత ఊరికి వెళ్లొచ్చిన మా ఆయన చేతికి ఆమె ఒక చిన్న గుడ్డమూట ఇచ్చి పంపింది. అందులో బూడిదలో పొర్లించిన సొరగింజలు. ఆ ఏడు ఆమె బోరు ఎండిపోయి ఇంటి దగ్గర పాదు పెట్టలేకపోయింది. వాళ్లమ్మ నాటి నుంచి ఏటేటా కాస్తున్న విత్తనమట. "జర పైలంగ పెట్టుమను" అని చెప్పి పంపింది.

ఇక నా సేద్యం గురించి చెప్పాలి. వంటింటి డబ్బాలోంచి గుప్పెడు ధనియాలు తీసి అలాగే మడిలో చల్లాను. వాటిని చెప్పుతో నలిపి బద్దలు చేసి చల్లితే గానీ త్వరగా మొలవవని ఏ పరీక్షలోనూ అడగలేదు మరి. పూటపూటా ఆ వట్టి మడికి నీళ్లు పోస్తుంటే పక్కింటి పెద్దమ్మ గోడ మీంచి చూసి చూసి, "ఏం బిడ్డా, రోజూ మన్నుకు తానం పోస్తున్నవ్, ఏమన్న మొక్కుకున్నవా?" అని అడిగింది. టమాటా నారు కొని తెచ్చి నాటాను. ఎండకు వడలిపోతోంది, ఏదైనా పాత చీర పందిరిలా కట్టమని మా ఆయనకు చెప్పి బజారుకు వెళ్లొచ్చేసరికి, పెళ్లికి మా అమ్మ పెట్టిన నారాయణపేట చీర నాలుగు కర్రల మధ్య రెపరెపలాడుతోంది. "మెత్తగుంటె పాతదనుకున్న" అన్నాడు. (ఆ మర్యాదకు తట్టుకోలేక కాబోలు, టమాటాలు ఆ వారంలోనే పోయాయి.) బెండమొక్కలు మాత్రం ముచ్చటగా లేచాయి. అవి పూతకొచ్చాయని నేను సంబరపడిన రోజే పక్కింటి పెద్దమ్మ మేక తాడు తెంపుకుని వచ్చి మొదలంటా మేసి వెళ్లింది. నేను ఏడుపు ముఖం పెడితే పెద్దమ్మ, "మ్యాక మెచ్చిందంటె నువ్వు మంచిగ పెంచినట్టే బిడ్డా" అని ఓదార్చింది. ఆ ఎండాకాలమంతటిలో నాకు దక్కిన మొదటి మెచ్చుకోలు అదే.

స్నానాలగది నీళ్లు పారే చోట మాత్రం ఏదో ఎర్రకాడల మొక్క ఎవరూ వేయకుండానే ఏపుగా పెరిగేది. కలుపనుకుని నేను పీకి పారేసేదాన్ని. అది మళ్లీ మొలిచేది. చివరికి పెద్దమ్మ ఉండబట్టలేక, "పుంటికూరను పీకుతవేందే!" అని కేకేసింది. గోంగూర అని పుస్తకాల్లో రాస్తారే, అదే. ఎవుసం ఇంట్లో పుట్టిన పిల్లను నేను, మా ఇళ్లల్లో వారానికి రెండు పూటలు తినే కూరను మొక్కగా గుర్తుపట్టలేకపోయాను. ఆ రోజు నుంచి దాని జోలికి పోలేదు. నీళ్లూ పోయలేదు, ఎరువూ వేయలేదు. అందుకేనేమో అది అడవిలా అల్లుకుంది.

అత్తమ్మ ఇచ్చిన సొరగింజల్లో ఒక్కటే మొలిచింది. కానీ మొలిచిందంటే అలా ఇలా కాదు. దండేనికి పాకి, స్నానాలగది రేకుల మీదికెక్కి, ఆకుల్తో కప్పేసింది. ఒక సాయంత్రం తెల్లటి పువ్వు కింద వేలెడు పిందె కనిపించింది. వెంటనే అత్తమ్మకు వీడియో కాల్ చేశాం. మా ఆయన ఉత్సాహంగా, "అమ్మా, గిదిగో చూడు!" అని పిందె వైపు చూపుడువేలు చాపాడు. అవతలి నుంచి అత్తమ్మ గావుకేక పెట్టింది. "ఏలు ముడువురా! పిందకు ఏలు చూపెడ్తరార ఎవలన్న? కుళ్లి రాలిపోతది!" మా ఆయన చెయ్యి వెనక్కి లాక్కుని పిడికిలి బిగించాడు. కాసేపటికి ఆమె కోపం చల్లారి, పిందె నిండా నూగు చూసి మురిసిపోయి, "అరె, దాని పక్కపొంటి ఇంకోటున్నదేందిరా? గదిగో, గీడ!" అంటూ తన ఫోన్ మీద వేలు పెట్టి చూపించింది. మరుక్షణం నాలుక కరుచుకుని తన వేలూ ముడిచేసింది. ఆ వారం తిరగకుండానే రెండు పిందెలూ పసుపుపచ్చగా మారి రాలిపోయాయి. (ఎండ దెబ్బకు పిందె నిలవలేదని ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడు మాత్రం మా ఇంట్లో ఎండను అనుమానించిన వాళ్లు లేరు.)

మా ఆయన కంపెనీలో రోజంతా మందులు పరీక్షించి, ప్రతిదానికీ రుజువు కావాలనే మనిషి. ఇంటికొచ్చి మాత్రం, "దగ్గర నిలబడి చూపెట్టిన నా ఏలుకు పోయిందా, ఊళ్లె కూసోని ఫోన్ల చూపెట్టిన అమ్మ ఏలుకు పోయిందా?" అని గంటలకొద్దీ తర్కించేవాడు. ఎవరి వేలైతేనేం, ఇంట్లో చట్టం పుట్టింది. పాదు దగ్గర చేతులు కట్టుకునే నిలబడాలి. చూపించక తప్పకపోతే గడ్డంతో చూపించాలి. మా ఆయన ఒక పాత చెప్పు తెచ్చి తీగకు కట్టాడు. కుండకు సున్నపు చుక్కలు పెట్టి బోర్లించాడు. అత్తమ్మ ఫోన్ చేసినప్పుడు పాదు చూస్తారా అంటే, "వద్దొద్దు బిడ్డా, నాకు చూపియ్యకు" అని ముఖం తిప్పేసుకునేది. మాట మార్చి, పుంటికూర ఎంత పెరిగిందో అడిగేది.

తర్వాత ఒక్క పిందె నిలిచింది. రేకుల మీద ఆకుల మధ్య ఎవరికీ కనబడకుండా ఉంది. దాన్ని మేం కాయనలేదు, సొరకాయనలేదు, "అది" అనేవాళ్లం. పెద్దమ్మ వాళ్ల మిద్దె మీంచి కనబడుతుందేమోనని ఒక గోనెసంచి ముక్క కప్పాం. ఎంత పెరిగిందో చూడాలని ప్రాణం కొట్టుకునేది గానీ, నా కన్నే తగిలితే ఏం చేయాలి? అత్తమ్మ చెల్లెళ్ల ముందు ఆమె మాట దక్కాలంటే ఇక ఆ ఒక్క కాయే దిక్కు. పుంటికూర ఎంత పెరిగినా నా లెక్కలోకి రాదు. అది నేను పెంచింది కాదు, నన్ను కాదని పెరిగింది.

ఆ రోజు రానే వచ్చింది. ముగ్గురూ గుట్ట నుంచి కుంకుమ బొట్లతో, పులిహోర పొట్లాలతో దిగారు. కాళ్లు కడుక్కుని కూర్చోగానే అత్తమ్మ చిన్న చెల్లెలు, అంటే మా చిన్నత్త, "ఏదీ, మీ కోడలు తోటల కాసిన ఆనిగెపుకాయ తిందామని పొద్దటిసంది ఏం తినలే" అంది. మావైపు సొరకాయకు అదే పేరు. పెద్ద చెల్లెలు నవ్వింది. అత్తమ్మ నావైపు చూసింది. ఆ చూపు నిండా నమ్మకమే. మా ఆయన నిచ్చెనేసుకుని ఎక్కి, గోనె తీసి, కాయ కోసుకొచ్చాడు. చంటిపిల్లంత ఉంది. ఇద్దరం వంటింట్లో తలుపు దగ్గరికేసి గుడ్లప్పగించి చూశాం. కత్తిపీట మీద పెట్టి నొక్కాను. జారింది. ఇంకా గట్టిగా నొక్కాను. కత్తిపీటే కదిలింది గానీ కాయ మీద గీత కూడా పడలేదు. గోరు గుచ్చి చూస్తే గోరు వంగింది. కళ్లు తగులుతాయని ఇన్నాళ్లూ ఎవరూ చూడలేదు, ముట్టలేదు, గోరు గిచ్చి లేతదో ముదిరిందో పరీక్షించలేదు. ఆ గౌరవంలోనే అది నిండా ముదిరి కర్రయిపోయింది. "ఆగు" అని మా ఆయన గోడకు మేకులు కొట్టే సుత్తి తెచ్చాడు. నేను కాయను రెండు చేతుల్తో పట్టుకుని ఏడుస్తున్నాను, ఆయన సుత్తి ఎత్తాడు. సరిగ్గా అప్పుడే అత్తమ్మ తలుపు తీసింది.

ఆమె సుత్తిని చూసింది, కాయను చూసింది, నన్ను చూసింది. కొడుకు చేతిలోంచి సుత్తి తీసి మూలన పెట్టి, వేలి కణుపులతో కాయ మీద కొట్టి చూసింది. "గింతకే ఏడుస్తరా పిచ్చిపిల్లా?" అని కొంగుతో నా ముఖం తుడిచింది. "అయినా నిన్నేమంట? తొలి పింద నా ఏలుకే పోయె. ఫోన్ల గిట్ల చూపెట్టిన. అప్పటిసంది నాకు మనసుల నిమ్మలం లేదు" అంది, నేనే ఆమెను క్షమించాలన్నట్టు. నాకు ఏడుపు ఆగకపోగా ఎక్కువైంది. ఆమె ఆ కాయను బిడ్డనెత్తుకున్నట్టు చంకనేసుకుని ముందుగదిలోకి నడిచింది.

"ఇగో, సూడుండ్రి" అంది చెల్లెళ్లతో. "మీ కోడండ్లయితె దీన్ని లేతగున్నప్పుడే కోసి వండేటోళ్లు. నా బోరెండిపోయి ఈ ఏడు నేను పాదు పెట్టలేదని, మన అమ్మ ఇత్తునం ఆగిపోవద్దని, నా కోడలు కాసిన ఒక్క కాయను నోరు కట్టుకోని ఇత్తునానికి ఇడిసింది." చెల్లెళ్లిద్దరూ నోళ్లు తెరిచారు. చిన్నత్త లేచి వచ్చి ఆ కాయను కళ్లకద్దుకుంది. వాళ్లమ్మ కూడా అలాగే తొలికాయను విత్తనానికి ఉంచేదట. అది గుర్తొచ్చి ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వాళ్లమ్మ తలపుల్లోనే ముగ్గురూ పుంటికూర పప్పుతో, పుంటికూర పచ్చడితో, పుంటికూర వేసిన ఎండుచేపల సంగతి తలచుకుంటూ (గుట్టకు వెళ్లొచ్చిన రోజు కదా, తలచుకోవడమే) కడుపునిండా తిన్నారు. వెళ్తూ వెళ్తూ చెల్లెళ్లిద్దరూ, ఎండిన తర్వాత తలా పది గింజలు పంపమని నాతో ఒట్టేయించుకున్నారు.

మరుసటి ఎండాకాలం చిన్నత్త ఇంట్లో ఆ గింజలు విరగకాశాయి. ఇరుగుపొరుగుకు పంచినా తరగడం లేదని, నా చెయ్యి మంచిదని ఫోన్ చేసి చెప్పింది. మా పెరట్లో మాత్రం ఆ ఏడూ పుంటికూరే. ఇప్పుడు చిన్నత్త హైదరాబాద్ కోడలు కూడా బాల్కనీలో డబ్బా పెట్టి పాదు ఎక్కించింది. "అక్కా, పూత రాలుతున్నది, ఏం జెయ్యాలె?" అని నన్నడుగుతుంది. నేను గొంతు సవరించుకుని ఏదో ఒకటి చెబుతాను, పక్కనుంచి మా అత్తమ్మ గర్వంగా తలూపుతుంది. కొత్తగా ఎవరు కనబడినా ఆమె ఆ సొరకాయ సంగతి చెప్పకుండా వదలదు. ఆమె చెప్పే కథలో సుత్తి లేదు, ఏడుపు లేదు, మూసిన తలుపు లేదు. పుట్టింటి నుంచే సేద్యం నేర్చుకొచ్చి, అత్తగారి విత్తనం కోసం తొలికాయను దాచిపెట్టిన ఒక చక్కటి కోడలు ఉంది. ఆ పిల్లంటే నాకూ చాలా ఇష్టం. అలాంటి పిల్ల ఒకతె నిజంగానే ఉండేదేమోనని, కథ పూర్తయ్యేవరకూ నోరెత్తకుండా వింటూ కూర్చుంటాను.