వదిన తీయించిన బండిబాట

మా వదిన పోయిందన్న కబురు వచ్చినప్పుడు పట్నంలోని కంఠేశ్వర్‌లో నా సైకిల్ దుకాణంలో పంక్చర్ వేస్తున్నాను. జ్వరమని విన్నాను కానీ లేస్తుందిలే అనుకున్నాను. మంచాన పడి ఉండే మనిషి కాదామె. నవీపేట్ బస్సెక్కి కూర్చున్నాక గానీ నాకు ఏడుపు రాలేదు.

నవీపేట్ అవతల మా అన్నకు నల్లరాయి క్వారీ ఉంది. దాని పక్కనుంచి ఒక ఒర్రె పారుతుంది. వాగంత పెద్దది కాదు, వానాకాలంలో మాత్రం ఎవరి మాటా వినదు. అరవైల్లో, ఇంకా ఎడ్లబండ్ల మీదే రాయి తోలే రోజుల్లో, గొడ్లు వచ్చి క్వారీ గుంతలో పడుతున్నాయని అన్న బోధన్ వైపు నుంచి బండెడు లొట్టపీసు పొదల కొమ్మలు తెచ్చి ఒర్రె ఒడ్డు పొడుగునా పాతించాడు. మేకలు ముట్టవు, నీళ్లు పోయక్కర్లేదు, పైగా ఊదారంగు పువ్వు. కంచె అంటే ఇట్లుండాలని వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు. గర్వానికి మా అన్న దగ్గర ఎప్పుడూ కొదవ లేదు.

కొన్నేళ్లకు ఆ కంచె ఒడ్డు దిగి ఒర్రె నడిమికి వచ్చింది. అన్న కూలీలను పెట్టి కొడవళ్లతో నరికించాడు, నరికిన ముక్కలను పారే నీళ్లలో వేయించాడు. పీడ పోయిందని చేతులు దులుపుకున్నాడు. లొట్టపీసు ముక్క ఎక్కడ ఆగితే అక్కడే వేరు పెడుతుంది. అవన్నీ పోయి కింది మలుపులో మా ఊరి అక్క ఒకామె చెరుకు చేను పక్కన ఆగాయి. మొగుడు లేని మనిషి, ఆ చేను ఒక్కటే ఆధారం. ఆ ఏడు వానకు నీళ్లు ముందుకు పోలేక చేనులోనే నిలిచి చెరుకు కుళ్లిపోయింది.

ఆమె నేరుగా మా ఇంటికే వచ్చింది.

"మీ కంచె వచ్చి నా చేన్ల కూసుంది. ఇంకొక్క వాన గిట్లనే పడితె చేను ఇడిసిపెట్టి పోవుడే," అంది.

వదిన చాయ్ పోసి ఇచ్చింది. "నువ్వు ఏడికీ పోవు అక్కా. సుట్టాన్ని నేను సాగనంపుత," అంది. అప్పటినుంచి మా ఇంట్లో లొట్టపీసుకు చుట్టం అనే పేరు. పిలవకుండా దిగబడి, లేచే ఆలోచన లేనిది మరి.

అన్న ఒప్పుకుంటేగా! తను పెట్టిన కంచెను తన కూలీల ముందే ఎట్లా పీకించుకుంటాడు? ఉన్నమాట మొహం మీదే చెప్పేద్దామన్నాను. వదిన నన్ను ఉరిమి చూసింది.

"తప్పన్నవనుకో, ఇంకో బండెడు తెచ్చి నాటుతడు. మీ అన్న నీకు తెల్వదా మరిదీ?"

ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ ఎవరితోనో అన్నట్టు అంది. "రాళ్ల బండ్లు పై బాట ఎక్కలేకపోతున్నయి. ఒర్రె ఎంబడి బాట తీస్తె మంచిగుంటది గద."

అన్న ముద్ద మింగి, "నేను గూడ గదే అనుకుంటున్న," అన్నాడు.

బండిబాట పేరుతో కంచె కదిలింది. గొడ్లకు అడ్డంగా పనికిరాని రాళ్లతో గోడ పేర్చారు. కింది మలుపు దాకా పనంతా వదినే దగ్గరుండి చేయించింది. కొడవలి ముట్టనివ్వలేదు, గడ్డపారతో వేళ్లతో సహా పెకిలించి క్వారీ బండల మీద ఎండకు పడేయించింది. రాళ్లు కొట్టే ఆడవాళ్లతో పాటు చీర ఎగగట్టి మోకాళ్ల లోతు నీళ్లలో తనూ దిగింది. ఎవరైనా చిన్న పుల్ల నీళ్లలో జారవిడిస్తే చాలు, "నాటుతున్నవా, పీకుతున్నవా?" అని కేక వేసేది. తర్వాత నా దుకాణానికి వచ్చినప్పుడు నేను బిగించే బోల్టు వంకరగా కనిపించినా అదే మాట. నవ్వొచ్చేది, ఒళ్లు మండేది కూడా. ఇప్పుడు ఆ మాట అనేవాళ్లు లేరు.

ఆ వానకు ఒర్రె నిండుగా పారింది, కింది చేను మునగలేదు. అక్క చేని చెరుకు ఫ్యాక్టరీకి చేరింది. ఆ తర్వాత ఏటా తొలకరికి ముందు వదిన ఒర్రె పొడుగునా నడిచి కొత్త మొలకలు పీకేది. నాకు అమ్మ లేదు. పెంచింది ఆమే. పట్నంలో దుకాణం పెట్టుకొమ్మని అన్నతో పోట్లాడి పంపింది ఆమే. ఆ సంగతి ఆమెతో ఒక్కసారీ అనలేదు, అంటే "సాల్లే సంబడం" అని కొట్టిపారేసేది.

దినాలు అయిన సాయంత్రం అన్న నన్ను ఒర్రె దగ్గరికి తీసుకుపోయాడు. వదిన తీయించిన బాట మీద ఆగాడు.

"తమ్మీ, గీ బాట మీద ఒక్క బండన్న పోంగ సూసినవా?"

ఆలోచిస్తే నిజమే. బండ్లు ఎప్పుడూ పై బాటనే పోయేవి.

"లేదన్నా."

"నాకు గా రాత్రే తెల్సు. మీ వదిన అన్నం పెట్టుకుంట నా మొకం దిక్కు సూడలే. అబద్ధమాడేటప్పుడు సూడది." ధోతి అంచు చేతిలోకి తీసుకున్నాడు అన్న. "నలుగుర్ల నా ఇజ్జత్ కాపాడింది. తెల్సని ఒక్కనాడన్న చెప్పకపోతిని."

నేనేదో అనబోయాను. అన్న వినలేదు. ధోతి ఎగగట్టి ఒర్రెలోకి దిగాడు. ఒడ్డు వార రెండాకుల మొలక ఒకటి కనిపించింది. పైన పట్టి లాగలేదు. వంగి, మోచేతుల దాకా ఆ బురద నీళ్లలో పెట్టి, దాని వేరు ఎక్కడుందో తడుముతూ ఉండిపోయాడు.