సుభద్రమ్మగారి శ్రుతి

అన్నపూర్ణేశ్వరికి గురువు మాటంటే మాటే. పెళ్ళయి ఢిల్లీ వచ్చి ఇరవై ఏళ్ళు దాటాయి. మునిర్కా పక్క సర్కారు క్వార్టర్లో ఉంటూ చుట్టుపక్కల పిల్లలకు తనే సంగీతం చెబుతోంది. అయినా ఏ సందేహం వచ్చినా, సామర్లకోటలో తనకు పాట నేర్పిన సుభద్రమ్మగారు ఏమనేవారో అనే ఆలోచిస్తుంది. ఆవిడ ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. గురువుగారు ఆరు శ్రుతిలో, అంటే బాగా పైకెత్తి, పాడతారు కాబట్టి శిష్యురాళ్ళందరూ ఆరు శ్రుతిలోనే పాడాలి. "నాకు అందట్లేదండీ" అన్న పిల్లకు వీపు మీద ఒకటి పడేది. అన్నపూర్ణేశ్వరి వీపు కూడా ఆ రుచి ఎరుగును.

సుభద్రమ్మగారు 2004 వేసవిలో పోయారు. ఆవిడ సొంతంగా కట్టిన మోహన రాగ వర్ణం ఒకటి ఉందని అందరికీ తెలుసుగాని, పూర్తిగా నేర్చుకున్నవాళ్ళు ఎవరూ లేరు. ఆవిడ మనవరాలికి పాత క్యాసెట్‌లో అది దొరికింది. దాన్ని ఎంపీత్రీగా సీడీకి ఎక్కించే పనిలోనే టేపు నలిగి తెగిపోయిందట. ఆ సీడీ పోస్టులో ఢిల్లీ చేరింది. ఇక ఆ వర్ణం బతికితే అందులోంచే బతకాలి. దసరాల్లో జరిగే తెలుగువాళ్ళ సంగీత సభలో పాడతానని అన్నపూర్ణేశ్వరి మాటిచ్చేసింది. వినకుండానే మాటివ్వడం ఏమిటని మీరడగొచ్చు. గురుభక్తి అలాంటిది.

వినడానికి ఇంట్లో ఉన్నది కంప్యూటర్ ఒక్కటే. అందులో ఉన్నది లినక్సు. ఆమె భర్త సుందరరామయ్య ఒక మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరు. ఊరంతా దొంగ విండోస్ వాడుకుంటుంటే, "ప్రభుత్వ ఉద్యోగి ఇంట్లో దొంగ సరుకా?" అని పంతం పట్టి లినక్సు ఎక్కించాడు. దాని గురించి ఆయనకు తెలిసింది ఆఫీసు శిక్షణలో విన్న నాలుగు ముక్కలే.

సీడీ పెట్టి పాట మీద నొక్కితే పేరు కనబడింది, పాట రాలేదు. ఈ రకం ఫైలు నాకు చేతకాదని కంప్యూటర్ ఇంగ్లీషులో మర్యాదగా చెప్పింది. ఎంపీత్రీకి లైసెన్సు గొడవలున్నాయని, అది పాడే సరంజామా విడిగా తెచ్చుకోవాలని సుందరరామయ్య కనుక్కున్నాడు. ఇంట్లో ఇంటర్నెట్ లేదు. ఆఫీసుది సొంత పనికి వాడడు. కటవారియా సరాయ్‌లో పరీక్షలకు చదువుకునే కుర్రాళ్ళ మధ్య సైబర్ కేఫ్‌లో కూర్చుని, కావలసింది సీడీ మీద రాయించుకుని వచ్చాడు. ఎక్కించబోతే, ఫలానా ఫైలు ఉంటేగాని నేను ఎక్కనంది. అది తెస్తే, దానికి ఇంకొకటి కావాలంది. పెళ్ళికి పిలిస్తే 'మా తోడికోడల్ని కూడా పిలిస్తేనే వస్తా' అనే చుట్టంలా తయారైంది వ్యవహారం. కేఫ్ యజమాని ఆయన్ని గుమ్మంలో చూడగానే "ఆయియే అంకుల్, ఆజ్ క్యా బాకీ హై?" అని, ఇవాళ ఏది తక్కువైందని అడిగే స్థితికి వచ్చాడు.

చివరికి ఒక ఆదివారం పాట మోగింది. సుందరరామయ్య సోఫాలో వెనక్కి వాలి, "చూశావుటోయ్!" అన్నాడు. అన్నపూర్ణేశ్వరి దండం పెట్టుకుంది. ఆరుకు రవ్వంత తక్కువలో, పడుచు గొంతుతో, హుషారైన నడకతో వర్ణం సాగింది. గురువుగారు బాగా వయసులో ఉన్నప్పటి పాట కాబోలనుకుని ఆమె పొంగిపోయింది.

ఢిల్లీ వచ్చాక ఆమె హాయిగా పాడుకునేది ఐదులో. అయినా గురువుగారి వర్ణాన్ని తన వీలుకు దించుకోవడానికి మనసొప్పలేదు. వర్ణం ముగియగానే ఆపేసి, మళ్ళీ మొదటి నుంచి పెట్టుకుని, గొంతు చించుకుని సాధన చేసింది. తనతో పాటు సభలో పాడడానికి వసంత్ కుంజ్ నుంచి వచ్చే శిష్యురాలు కిరణ్మయిని కూడా కూర్చోబెట్టింది. ఆ పిల్ల పై స్థాయి అందక తేలిపోతుంటే, "అందుకోవాలమ్మా, గురువుగారి శ్రుతి అది!" అని గద్దించేది. "ఆంటీ, ముఝ్‌సే నహీ హోగా" అని, తన వల్ల కాదని ఒకరోజు కళ్ళనీళ్ళు పెట్టుకుని వెళ్ళిన కిరణ్మయి మళ్ళీ రాలేదు. ఈ కాలం పిల్లలకు ఓపిక లేదని అన్నపూర్ణేశ్వరి తేల్చేసింది.

ఆ తర్వాత ఆమె గొంతే పోయింది. స్వరపేటిక వాచిందని, నెల్లాళ్ళపాటు పాడటం మాట దేవుడెరుగు, గట్టిగా మాట్లాడనైనా కూడదని డాక్టరు చెప్పాడు. సభకు అంత వ్యవధి లేదు. వర్ణం తనతోనే పోతుందన్న దిగులుతో ఆమెకు అన్నం సయించలేదు.

పాడే పని లేదు కాబట్టి ఒక మధ్యాహ్నం ఊరికే వింటూ కూర్చుంది. వర్ణం అయిపోయింది. లేచి ఆపలేదు. కాసేపు నిశ్శబ్దం తర్వాత ఒక మాట మొదలైంది. బళ్ళో పిల్ల పాఠం అప్పజెబుతున్నట్టుంది ఆ గొంతు.

"నాకు అరవై నిండాయే మనవరాలా. ఆరులో ఎక్కడ పాడను? ఐదుకు దింపేశాను. ఇన్నేళ్ళూ ఆడపిల్లలందర్నీ నా గొంతుకి కట్టేసి కొట్టేను, పాపం. నీకు ఎక్కడ హాయిగా ఉంటే అక్కడ పాడుకో."

అన్నపూర్ణేశ్వరి భర్తను పిలిచి ఆ ముక్క వినిపించింది.

"అరవై ఏళ్ళావిడ గొంతేనాండీ ఇది? ఐదంటున్న పాట ఆరు దగ్గర వస్తోంది. మీ కంప్యూటర్ పరిగెడుతోంది," అని గుసగుసగా అంది.

"కంప్యూటర్ తప్పు చెయ్యదోయ్," అన్నాడాయన.

"అయితే గురువుగారు తప్పు చెప్పారా?"

సుందరరామయ్య వెళ్ళి ఆఫీసులో శిక్షణ ఇచ్చిన మనిషిని అడిగాడు. లినక్సులో కొన్ని సౌండ్ కార్డులు పాటను దాని అసలు వేగం కన్నా ఎక్కువగా తిప్పేస్తాయని, సెట్టింగుల్లో ఒక అంకె మార్చాలని ఆయన చెప్పాడు. మార్చాక మళ్ళీ పెడితే శ్రుతి ఐదుకు దిగింది. నడక నెమ్మదించింది. పడుచుపిల్ల పోయి, మధ్యమధ్య ఊపిరి తీసుకునే ముసలావిడ వచ్చి కూర్చుంది. అన్నపూర్ణేశ్వరికి ఏడుపు ఆగలేదు. గురువుగారు పోయారని ఆమెకు నిజంగా తెలిసింది ఆ రోజే.

మర్నాడు శ్రుతిపెట్టె సంచిలో వేసుకుని వసంత్ కుంజ్ వెళ్ళింది. తలుపు తీసిన కిరణ్మయి బెదిరిపోయి, "సారీ ఆంటీ," అంది. అన్నపూర్ణేశ్వరి పెట్టెను ఆ పిల్ల చేతిలో పెట్టింది.

"నీకు ఎక్కడ హాయిగా ఉంటే అక్కడ పెట్టుకో తల్లీ," అంది బొంగురు గొంతుతో.

"సచ్చీ? నిజంగానా?" అని అడిగి, కిరణ్మయి భయపడుతూనే ఐదుకన్నా కిందకు, నాలుగున్నరకు దించింది. గురువు ముఖం చూసింది. ఆ ముఖంలో కోపం లేదు. సీడీలో వచ్చేది ఐదు కాబట్టి, కిరణ్మయి స్వరాల నడకను అందులో విని, పాట తన శ్రుతిలో సాధన చేసింది. అన్నపూర్ణేశ్వరి పక్కన కూర్చుని చేత్తోనే దిద్దింది.

సభలో కిరణ్మయి ఒక్కతే పాడింది. అన్నపూర్ణేశ్వరి తాళం వేసింది. పై షడ్జమం దగ్గర ఆ పిల్ల గొంతు ఎక్కడా తడబడలేదు. కార్యక్రమం అయ్యాక ఒక పెద్దాయన దగ్గరికొచ్చి, "సుభద్రమ్మగారి పాట నేను విన్నానమ్మా. ఇది ఆవిడ శ్రుతి కాదే," అన్నాడు.

"కాదండీ," అంది అన్నపూర్ణేశ్వరి, "ఈ పిల్లది."