మంటలు రాలిన గోడ

“గిట్ల కూసో జ్యోతీ. ఆ ఫోన్ బోర్లపెట్టి మంచిగ విను. ఈ అమ్మమ్మ చెప్పింది చెప్పినట్టే రాయాలె.”

పొద్దుటి వానకు మన వెనక గోడ తడిసి సున్నం వాసన వస్తోంది చూడు. ఆ వాసన ముక్కుకు తగిలితే నాకు ఆరోగ్యమ్మత్త పక్కన నిలబడ్డట్టే ఉంటుంది. ఇల్లందు దాటి అడవి మొదలయ్యే చోట, పాతకాలంలో తెల్లదొర ఫాదర్లు కట్టించిన పెద్ద చర్చి ఉందే, దాన్ని ఊడ్చి తుడిచే మనిషి ఆమె. మా అమ్మ పోయాక నన్ను పెంచింది కూడా ఆమే.

ఆ చర్చిలో నిలబడి పైకి చూస్తే మెడ నొప్పి పుట్టేది, కప్పు అంత ఎత్తు. రంగుటద్దాల కిటికీల్లోంచి పడ్డ ఎండ నేల మీద ఎర్రగా, నీలంగా పాకేది. ఎడమవైపు గోడంతా ఒకటే బొమ్మ, ఉత్తరించే స్థలం. అంటే చనిపోయినవాళ్ళ ఆత్మలు పాపం కాలిపోయేదాకా ఉండే చోటు. నడుముల దాకా మంటలు, పైకి చాచిన చేతులు. ఆ మంటల్లో ఒక ముఖం మా అమ్మది.

ఎలాగంటావా? బొమ్మ వేయడానికి వచ్చిన చిత్రకారుడు పూజకు వచ్చినవాళ్ళనే ఎదురుగా కూర్చోబెట్టి ముఖాలు గీశాడట. మంటల్లో ఉండమంటే ఎవరు ఒప్పుకుంటారు? మా అమ్మ మాత్రం, “చలికాలమే గద, వెచ్చగుంటది” అని నవ్విందట. ఆ చలి పోకముందే నన్ను కని కన్ను మూసింది. ఇంట్లో అమ్మ ఫోటో ఒక్కటీ లేదు. అమ్మను చూడాలంటే ఆ గోడ దగ్గరికే వెళ్ళాలి.

వానాకాలంలో గోడకు కింది నుంచి చెమ్మ ఎక్కేది. ముందు మంటల రంగే పొక్కి రాలింది. ఆరోగ్యమ్మత్త ఆ ఎర్రటి పెళ్ళలను చీపురుతో ఊడ్చేది కాదు, చేత్తో ఏరి కొంగులో పోసుకునేది. “ఎందుకత్తా?” అంటే, “నిప్పు గద బిడ్డా, తొక్కొద్దు” అనేది. ఒకసారి ఒక పెళ్ళ నా అరచేతిలో పెట్టింది. నిజంగానే చురుక్కుమంది.

“మీ అమ్మ ఎక్కొస్తున్నది సూడు. నిరుడు నడుము దాక ఉండె మంట, ఇప్పుడేది?” అనేది గోడ చూపించి.

నేను ఇంకాస్త పెద్దయ్యాక కొత్త ఫాదర్ ఖమ్మం నుంచి పెయింటరును పిలిపించాడు. గోడ కింది భాగానికి గచ్చు చేయించి మంటలు కొత్తగా వేయిస్తాడట. లేకుంటే చెమ్మ ముఖాల దాకా ఎక్కి బొమ్మంతా పోతుందన్నాడు. అమ్మ ముఖం నిలుస్తుందని నేను ఎగిరి గంతేశాను.

ఆరోగ్యమ్మత్త చీపురు అడ్డం పెట్టి, గోడ మీద అమ్మ ముఖం చూపించింది. “ఫాదర్, ఈమె కోసం ఏటేటా పూజ చెప్పిస్తున్నం. మీ పూజలకు సల్లారిన మంటను మళ్ల మీరే ఎట్ల అంటిస్తరు?”

“బొమ్మ గదమ్మా అది, ఉత్త రంగు.”

“ఉత్త రంగైతే దాని ముంగట మోకరిస్తరెందుకు?”

పెయింటరు నవ్వు ఆపుకోలేక తల దించుకున్నాడు. ఫాదర్ విసుగ్గా, “ఆ పిల్ల తల్లే గద, పిల్లనే అడుగు” అన్నాడు.

ఆమె నా భుజాలు పట్టి తన వైపు తిప్పుకుంది. “మంటేస్తే మొఖం ఉంటది. వద్దంటే మంట పోతది, మొఖం గూడ పోతది. ఉంచుకుంటవా, పంపుతవా?”

“పంపుదాం అత్తా” అన్నాను ఏడుస్తూ. పెయింటరు నిచ్చెన భుజానికెత్తుకున్నాడు.

తర్వాతి వానలకు మెడ పోయింది, నోరు పోయింది. చివరికి కళ్ళు మిగిలాయి. ఎటు నడిచినా నా వెంటే తిరిగేవి. ఒక ఆదివారం పూజ మధ్యలో నేను చూస్తుండగానే అవి మూసుకున్నాయి. రంగు రాలి ఉంటుందిలే అన్నాడు ఫాదర్. వెళ్ళి వెతికితే నేల మీద ఒక్క పెళ్ళ లేదు.

“ఏడువకు” అంది ఆరోగ్యమ్మత్త. “తలుపు తీసినంక ఎవరన్న గడపల్నే నిలబడతరా?”

అందుకే మీ తాతకు దవాఖానలో ఆఖరి ఊపిరి ఆడుతుంటే, అందరూ పోవద్దని పట్టుకుని ఏడ్చారు కానీ నేను చేయి వదిలి, “పోయిరా” అన్నాను. అప్పటికి ఆరోగ్యమ్మత్త పోయి ఎన్నేళ్ళో. అయినా మంచం అవతల నుంచి ఎవరో రెక్క పట్టి లేపినట్టు ఆయన భుజం మెల్లగా పైకి లేచింది. తల ఎత్తి చూస్తే జ్యోతీ, అక్కడ…

“అమ్మా! అన్నం సల్లారుతున్నది, జ్యోతిని తీస్కొని జల్దీ రా!”